పదకొండు గంటల బండి

రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. అందుకే డబ్లిన్‌కి దూరంగా పడమటి కొసన ఉన్న ట్రాలీ అనే ఈ ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు మా ఆయనకి ఒకటే షరతు పెట్టాను. ఇంట్లోకి రైలు కూత వినపడాలి. "ఈ దేశంలో అద్దెకి ఇల్లు దొరకడమే గగనంగా ఉంటే, నీకు కూత కూడా కావాలా?" అని ఆయన విసుక్కున్నారు. ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. చివరికి దొరికిన ఇల్లు అటు ఆసుపత్రికీ ఇటు స్టేషన్‌కీ నడిచి వెళ్ళే దూరమే. గోడలు మాత్రం ఎప్పుడూ చెమ్మగా ఉండేవి, వంటింటి అల్మారా తలుపులు ఒక్కటీ సరిగ్గా పడేవి కావు. ఇక్కడివాళ్ళు అల్మారాని ప్రెస్ అంటారు. ప్రెస్ తలుపుతో కుస్తీ పడుతుండగా కూత వినపడితే నాకు కోపం సగం తగ్గేది.

మా నాన్న నెల్లూరు జిల్లాలో ఒక చిన్న స్టేషన్‌కి మాస్టరుగా చేసేవాడు. అక్కడ ఎక్స్‌ప్రెస్ బళ్ళు ఆగేవి కావు, దుమ్ము లేపుకుంటూ పోయేవి. నాన్న ప్లాట్‌ఫామ్ మీద పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. ట్రాలీ అలా కాదు. ఇక్కడికి వచ్చిన ప్రతి బండీ ఆగి తీరాలి, ఎందుకంటే ఇక్కడితో పట్టాలు అయిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండు మూడు పెట్టెల బండి, ఒక టికెట్ కిటికీ, ఒక టీ కౌంటరు, పక్కనే బస్టాండు. రోజు మొత్తం మీద పట్టుమని పది బళ్ళు బయల్దేరవు. మా ఊళ్ళో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సైకిల్ స్టాండు ఇంతకంటే సందడిగా ఉండేదని మా ఆయనతో అన్నాను.

ఆ మాట అన్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను. దానికి కారణం పక్కింటి పెద్దాయన.

మేం వచ్చింది కరోనాకి ముందు చలికాలంలో. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కూత వినపడింది. అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకున్నాను. తలెత్తితే నడుమెత్తు గోడకి అవతల ఒక ముసలాయన తన గడియారం చూసుకుని, నా వైపు నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగు నిమిషాలు లేటు. నేను తల ఊపాను. అంతే, పరిచయం అయిపోయింది. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగ్గా వినపడవు. ట్రాలీ స్టేషన్ సిగ్నల్ క్యాబిన్‌లో నలభై ఏళ్ళు పనిచేశాడు. మా నాన్న స్టేషన్ మాస్టరని చెబితే గోడ మీదుగా చెయ్యి చాచి, దొరని పలకరించినట్టు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

పేరు పెట్టి పిలవమన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "అంకుల్" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. ఆయన నన్ను "గర్ల్" అనేవాడు. ఈ కెర్రీ వైపు ఆడవాళ్ళని వయసుతో నిమిత్తం లేకుండా అలాగే పిలుస్తారు.

నాకు ఉద్యోగం లేదు, ఆయనకి వినేవాళ్ళు లేరు. మా ఇద్దరికీ గోడ దగ్గర బాగా కుదిరింది. ట్రాలీ నుంచి ఒకప్పుడు పట్టాలు నాలుగు దిక్కులకీ వెళ్ళేవట. ఇప్పుడు మిగిలింది కిల్లార్నీ మీదుగా మాలో అనే ఊరి వైపు వెళ్ళే ఒక్క దారే. ఉత్తరంగా లిమరిక్‌కి ఒకటి ఉండేది. సముద్రం ఒడ్డున ఫెనిట్ రేవుకి ఒకటి. కొండలెక్కి డింగిల్ దాకా బొమ్మ రైలంత చిన్న బండి ఒకటి. డింగిల్ బండి చివరి రోజుల్లో మనుషుల్ని ఎక్కించుకోవడం మానేసి, నెలకోసారి పశువుల సంతకి మాత్రం తిరిగేదట. ఆయన కుర్రతనంలోనే అదీ పోయింది. లిమరిక్ పట్టాల మీద వెళ్ళిన ఆఖరి బండికి క్యాబిన్‌లోంచి తన చేతుల్తోనే సిగ్నల్ ఇచ్చాడట. ఆ లివర్ మళ్ళీ లాగే పని పడలేదు. ఇప్పుడు ఆ దారుల్లో సైకిళ్ళు తొక్కుతున్నారు.

పార్సిల్ ఆఫీసు గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగేది. సాల్మన్ చేపలు, వెన్న, ఒక్కరోజు కోడిపిల్లలు కిచకిచలాడే అట్టపెట్టెలు, పరుగుపందేల కుక్కలు, పందెం పావురాలు అన్నీ గార్డు పెట్టెలో వెళ్ళేవట. ఫుట్‌బాల్ ఫైనల్ వస్తే డబ్లిన్‌కి ఒకదాని వెనక ఒకటి స్పెషల్ రైళ్ళు. ఇంగ్లండ్ పడవ ఎక్కడానికి వెళ్ళే పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చి, బండి కదిలాక కూడా ఇంటికి పోకుండా ప్లాట్‌ఫామ్ మీద కూర్చుండిపోయిన తల్లులు. నేను మా వైపు మామిడికాయల బుట్టల గురించి, రొయ్యల డబ్బాల గురించి చెప్పేదాన్ని. ఒంటి పట్టా మీద ఎదురెదురు బళ్ళు రాకుండా డ్రైవర్ చేతికి బెత్తం రింగులో టోకెన్ అందించే పద్ధతి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. రెండు పట్టాల మధ్య ఎడం మాత్రం ఇక్కడ మన బ్రాడ్‌గేజ్ కన్నా మూడంగుళాలు తక్కువ. ఆ మూడంగుళాల మీద ఆయనకీ నాకూ వారం రోజులు వాదన నడిచింది. మా దేశమే పెద్దదని గెలిచాను.

ఆయన భార్య ఇంట్లో లేదు. ఆమెకి మతిమరుపు జబ్బు. నడక పోయింది, మాట సగం పోయింది. ఈ రైలు దారిలోనే మూడో స్టేషన్ దగ్గర, పట్టాల వెనకే ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో పెట్టారు. పిల్లలు లేరు. ఆయన రోజూ పదకొండు గంటల బండెక్కేవాడు. పెద్దవాళ్ళకి ఇక్కడ రైలు ప్రయాణం ఉచితం. గంటలో దిగి, ఆమెకి తన చేత్తో అన్నం తినిపించి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళాడు. కుర్చీలో కూర్చున్న ఆమె చేతిని ఆయన తన రెండు చేతుల్లో పెట్టుకుని మూడు గంటలు అలాగే ఉన్నాడు. మధ్యలో ఆమె నన్ను చూసి ఏదో అంది. "నీ చీర బాగుందంటోంది," అని ఆయన చెప్పాడు. నేను ఆరోజు జీన్స్‌లో ఉన్నాను. అయినా బాగానే అనిపించింది.

ఆమెకి ఎవరి పేరూ గుర్తుండేది కాదని, కానీ పదకొండు గంటల బండి పట్టాల మీద దడదడమంటూ వచ్చి ఆగితే మాత్రం తలెత్తి తలుపు వైపు చూసేదని అక్కడి నర్సు నాతో చెప్పింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా అన్నీ మూతపడ్డాయి. నర్సింగ్ హోముల్లోకి బయటివాళ్ళు రాకూడదన్నారు. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటొద్దన్నారు. మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలోనే బట్టలు విప్పి సంచిలో కట్టి, తిన్నగా స్నానానికి పోయేవారు. నేను గోడకి రెండు మీటర్ల ఇవతల కుర్చీ వేసుకుని, చెవిటి మనిషితో ఊరంతా వినపడేలా మాట్లాడేదాన్ని. వేసవిలో కొన్నాళ్ళు నర్సింగ్ హోమ్ వాళ్ళు కిటికీ అద్దం అవతల నుంచి చూడనిచ్చారు. ఆయన మా కారులో రెండుసార్లు వెళ్ళొచ్చి మానేశాడు. అద్దం మీద చెయ్యి పెడితే ఆమె భయపడి ఏడ్చిందట. "ఎవరో దొంగ అనుకుంది, గర్ల్," అన్నాడు.

ఆయనకి ఒకటే కోరిక. ఆమె పోయేలోపు ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలి. ఇంకేమీ అడిగేవాడు కాదు. టీకా వస్తుందా, ఎప్పుడు వస్తుంది, తలుపులు ఎప్పుడు తీస్తారు అని మా ఆయన కనపడితే చాలు అడిగేవాడు. మా ఆయనకి మాత్రం ఏం తెలుసు? "త్వరలోనే" అనేవారు. చలికాలం మళ్ళీ వచ్చింది, జబ్బు మళ్ళీ ముదిరింది, అయిదు కిలోమీటర్లు దాటి వెళ్ళొద్దన్నారు. స్టేషన్ అయిదు కిలోమీటర్ల లోపే గనక ఆయన రోజూ కోటు వేసుకుని అక్కడిదాకా నడిచేవాడు. టికెట్ కిటికీ మూసేశారు. టీ కౌంటర్ చీకటిగా ఉండేది. బెంచీల మీద ఒకటి విడిచి ఒకటి కూర్చోమని టేపులు అంటించారు. ఆయన కమ్మీల బయట నిలబడి, పదకొండు గంటల బండి ఖాళీ పెట్టెలతో వెళ్ళిపోవడం చూసి ఇంటికొచ్చేవాడు. నేను కూడా కొన్నిసార్లు వెళ్ళాను. చూడటానికి ఏమీ ఉండేది కాదు.

ఫోన్లో మాటలు వినపడవని నర్సింగ్ హోమ్‌కి ఆయన నా నంబరు ఇచ్చాడు. వారానికోసారి వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు. తింటోంది, పడుకుంది, జ్వరం లేదు. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడ మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా రాయి పెట్టేదాన్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చావు కబురు చావని ఎవరూ చెప్పరు. మా అమ్మమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు. నాన్న ఆఫీసులో కంట్రోల్ ఫోన్‌కి కబురొచ్చింది. నాన్న ఇంటికొచ్చి అమ్మతో, "మీ అమ్మకి కాస్త సీరియస్‌గా ఉందంట, బయల్దేరు," అన్నాడు. ఈలోగా కాలనీ అంతటికీ తెలిసిపోయింది. పాయింట్స్‌మన్ భార్య వేడివేడి ఉప్మా పట్టుకొచ్చి, "ముందు రెండు ముద్దలు తినక్కా, దోవలో ఏం దొరకదు," అని అమ్మ పక్కన కూర్చుంది. అసలు మాట చెవిన పడితే మనిషి మళ్ళీ మెతుకు ముట్టదు, ప్రయాణంలో కళ్ళు తిరిగి పడిపోతుంది. అందుకని ముందు తినిపిస్తారు, తర్వాత చెబుతారు. అమ్మకి సగం ఉప్మా తినేసరికే తెలిసిపోయింది. తింటూనే ఏడ్చింది. ఎవరికీ తప్పనిపించలేదు. మొన్నటికి మొన్న, కరోనా మొదటి ఏడాదిలో మా పిన్ని పోయినప్పుడు కూడా తమ్ముడు ఫోన్ చేసి, "పిన్నికి ఆక్సిజన్ పెట్టినారు, పరిస్థితేం బాగలేదక్కా," అన్నాడు. అప్పటికే దహనం కూడా అయిపోయింది. నేను వాడిని అదేందిరా అని అడగలేదు. వాడు చెప్పిన క్షణంలోనే నాకు అర్థమైంది.

ఇంత మర్యాదగా పెరిగినదాన్ని నేను.

మరుసటి ఏడాది మొదట్లో, ఒక ఉదయం పది కావొస్తుండగా నా ఫోన్ మోగింది. నర్సింగ్ హోమ్ నర్సు. గొంతు మెల్లగా, జాగ్రత్తగా ఉంది. "రాత్రి నుంచి ఆమెకి ఏం బాలేదు. ఆయన రాగలిగితే రమ్మనండి. ఒక్కరిని లోపలికి రానిస్తాం. ఈ పరిస్థితిలో ప్రయాణానికి అనుమతి ఉంది, ఎవరైనా ఆపితే మా నంబరు ఇవ్వండి. త్వరగా వస్తే మంచిది," అంది.

ఆమె పోయింది, అనుకున్నాను. అనుమానం కూడా రాలేదు. ఏడాదిగా మూసిన తలుపులు ఊరికే తీస్తారా? అంత మెల్లగా మాట్లాడుతోందంటే ఇంకేముంది? నర్సుని తిరిగి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మా వైపు అలా గుచ్చిగుచ్చి అడగరు. అడిగితే చెప్పేవాళ్ళని బాధపెట్టినట్టు. "సరే, తీసుకొస్తాను. థాంక్యూ," అని పెట్టేశాను. మా ఆయనకి మెసేజ్ పెట్టాను, పక్కింటి ఆంటీ పోయినట్టుంది, అంకుల్‌ని తీసుకుని రైల్లో వెళ్తున్నానని. ఆయన వార్డులో ఉన్నారు, చూడలేదు. కారు ఆయన దగ్గరే ఉంది. నాకు లైసెన్స్ లేదు, డ్రైవింగ్ టెస్టులు ఆపేసి ఎన్ని నెలలైందో.

టాక్సీ పిలవొచ్చని నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? పోయిన మనిషి దగ్గరికి పరుగులు పెట్టి ఏం లాభం? నా ఆలోచనంతా బతికున్న మనిషి మీదే ఉంది. ఎనభై ఏళ్ళు దాటిన ఆయన, రాత్రి ఏమైనా తిన్నాడో లేదో. అక్కడ ఎంతసేపవుతుందో. ఆయన్ని నిలబెట్టి ఉంచడం నా బాధ్యత అనుకున్నాను. ఇడ్లీ పొద్దున్నే వేశాను, కానీ ఆయన తినడు. రెండు కోడిగుడ్లు ఉడకబెట్టాను, బ్రెడ్డు కాల్చాను, ప్లేటు మీద గుడ్డ కప్పి, మాస్కు పెట్టుకుని వాళ్ళ తలుపు కొట్టాను.

"ఆంటీకి కాస్త నలతగా ఉందట, అంకుల్. మిమ్మల్ని చూడ్డానికి రమ్మంటున్నారు. లోపలికి రానిస్తారట," అన్నాను, చెవి దగ్గరగా, గట్టిగా.

ఆయన మొహం మారిపోయింది. చెయ్యి అప్పటికే కోటు మీదకి వెళ్ళింది. "పదకొండు గంటల బండి ఉంది," అన్నాడు.

"ఒంటి గంట బండికి వెళ్దాం అంకుల్. ముందు మీరు తినండి."

"బాగా ఎక్కువగా ఉందన్నారా?"

"తినండి, వెళ్దాం. నేను మీతో వస్తున్నాను కదా."

ఆయన నన్ను కాసేపు చూశాడు. డాక్టరు పెళ్ళాం ఇంత నింపాదిగా గుడ్లు ఉడకబెట్టి తెచ్చిందంటే భయపడాల్సింది లేదనుకున్నాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, ఆయనే చెప్పాడు. భుజాలు కిందికి దిగాయి. కోటు కొక్కేనికి తగిలించి, బల్ల దగ్గర కూర్చున్నాడు. గుడ్డు పెంకు చెంచాతో టకటక కొట్టి, ఉప్పు చల్లుకుని, నెమ్మదిగా తిన్నాడు. పాపం, తెలియదు, తిననీ అనుకున్నాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పాయింట్స్‌మన్ భార్య గుర్తొచ్చింది.

ఆయన రెండో గుడ్డు తింటుండగా స్టేషన్ నుంచి కూత వినపడింది. ఆయనకి వినపడలేదేమో అనుకున్నాను. గడియారం చూసుకుని, "టైముకే," అన్నాడు.

తర్వాత గడ్డం గీసుకున్నాడు. టై కట్టుకున్నాడు, విప్పి ఇంకోటి కట్టుకున్నాడు, ఆకుపచ్చది ఆమెకిష్టమట. ఏడాది తర్వాత దగ్గరికి వెళ్తున్నాను కదా, ముసలాడిలా కనిపించకూడదన్నాడు. జుట్టుకి నీళ్ళు రాసి దువ్వుకున్నాడు. కుర్చీలో కూర్చుని, పెళ్ళయిన కొత్తలో ఆమె సిగ్నల్ క్యాబిన్ మెట్ల దగ్గరికి టిఫిన్ డబ్బా ఎలా తెచ్చేదో చెప్పాడు. పై ఆఫీసరుకి తెలిస్తే గొడవని తాడుకి కట్టి పైకి లాగేవాడట. ఆ రెండు గంటలూ ఆయన ఆమె గురించి, బతికున్న మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. నేను తలుపు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. రైల్లో చెబుదాం, మూడో స్టేషన్ రాబోయే ముందు చెబుదాం అని మాటలు కూడబలుక్కుంటూ ఉన్నాను.

స్టేషన్ బయట ఒక పోలీసు, ఇక్కడివాళ్ళ భాషలో గార్డు, ఎక్కడికని అడిగాడు. చెప్పాను. టోపీ తీసి పక్కకి జరిగాడు. అంకుల్ ఏడాది తర్వాత ప్లాట్‌ఫామ్ మీద కాలు పెట్టాడు. బండిలో మేం కాక ఇంకో ఇద్దరున్నారేమో. ఎదురెదురు సీట్లు మూసేశారు గనక నేను అటు వరసలో, ఆయన ఇటు వరసలో కూర్చున్నాం. బండి కదలగానే ఆయన చిన్నపిల్లాడైపోయాడు. ఇదిగో ఇక్కడ ఒకప్పుడు నీళ్ళ ట్యాంకు ఉండేది, ఇక్కడ గేటు ఉండేది, గేటు కాసే ఆవిడ చిలకని పెంచేది. మాస్కులోంచి, రైలు చప్పుడు మీదుగా, పెట్టె అంతా వినపడేలా చెబుతున్నాడు. కిల్లార్నీ దాటాం. కొండల మీద వాన పడుతోంది.

ఒంటి గంట నలభై అయిదు దాటి రెండు మూడు నిమిషాలైంది. నా ఫోన్ మోగింది. అదే నర్సు.

"మీరు దారిలో ఉన్నారా? చాలా విచారిస్తున్నాను. ఆమె ఇప్పుడే చనిపోయింది. రెండు నిమిషాలవుతుంది."

నాకు ముందు అర్థం కాలేదు. ఇప్పుడే అంటే ఏంటి? "పొద్దున..." అన్నాను.

"పొద్దున్నుంచీ కష్టంగానే ఉంది. కానీ మెలకువగానే ఉంది. ఆయన వస్తున్నాడని చెబుతూ ఉన్నాం. పన్నెండింటికి ఆ బండి వచ్చి ఆగినప్పుడు తలుపు వైపు తిరిగింది కూడా."

ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపే చూస్తున్నాడు. నేను కూడబలుక్కున్న మాటలన్నీ పనికి రాకుండా పోయాయి. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను, టేపు అంటించిన సీట్లోనే. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకూడదు ఆ రోజుల్లో. "ఆంటీ పోయారు, అంకుల్. ఇప్పుడే," అన్నాను. ఈసారి నలత అనలేదు. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు, వినపడలేదని. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పెట్టెలో ఉన్న ఆ ఇద్దరూ తలలు దించుకున్నారు.

నర్సింగ్ హోమ్‌లో ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. ప్లాస్టిక్ గౌను, చేతులకి తొడుగులు. నేను వాకిట్లో వానలో నిలబడ్డాను. తొడుగులు తియ్యనిచ్చారో లేదో నేను అడగలేదు, ఇప్పటికీ నాకు తెలియదు.

సాయంత్రం మా ఆయన నా మెసేజ్ చూసుకుని ఫోన్ చేశారు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. అంతా విని ఆయన అన్నారు, "ఇక్కడ పోతే పోయారనే చెప్తారే. చెప్పేవాళ్ళకి అది రూలు. నేను వచ్చిన మొదటి నెల్లోనే నేర్పించారు, 'చనిపోయారు' అన్న మాట నోటితో అనాల్సిందే, చుట్టూ తిప్పకూడదని. రమ్మన్నారంటే ఇంకా ఉందనే అర్థం." ఏడాది పొడుగునా ఆయన రోజూ చేస్తున్న పనే అది. ఫోన్లు చేసి ఆ మాట అనడం. ఇంటికొచ్చి ఒక్కరోజైనా నాతో చెప్పలేదు, నేను బాధపడతానని. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. తర్వాత ఎవరి మీదా మండలేదు, నా మీద తప్ప.

అంత్యక్రియలకి పదిమందిని రానిచ్చారు. ఆ పదిమందిలో ఒకదాన్ని నేను. చర్చి బయట ఆయన తన చెల్లెలికి నన్ను చూపించి, "ఆ రోజు ఈ పిల్ల లేకపోతే నేనేమయ్యేవాణ్ణో. ఎంత నిదానంగా ఉందో. తనని చూసి నాకు భయం వెయ్యలేదు. తిండి పెట్టి మరీ తీసుకెళ్ళింది," అన్నాడు. ఆ చెల్లెలు నాకు దణ్ణం పెట్టినట్టు చేతులు జోడించింది, మా వాళ్ళకి అలా చేస్తే ఇష్టమని ఎక్కడో చూసి. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండనిపించింది.

చెప్పకుండా ఉండలేకపోయాను. రెండు వారాలకి ఒక మధ్యాహ్నం, వాన లేని రోజు, గోడ దగ్గర ఆయన కుర్చీ వేసుకుని కూర్చుంటే వెళ్ళి చెప్పాను. మా దగ్గర ఎలా చెబుతారో, నేను ఏమనుకున్నానో, ఎందుకు గుడ్లు ఉడకబెట్టానో, అన్నీ. వినపడలేదని రెండుసార్లు ఆపాడు. రెండుసార్లూ గట్టిగా చెప్పాను. పక్క పెరళ్ళవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. క్షమించమని అడిగాను.

"మంచి మనసుతోనే చేశావు, గర్ల్," అన్నాడు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆయన నలభై ఏళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని రిజిస్టరులో రాసిన మనిషి.

"వాళ్ళు ఫోన్ చేసింది ఎన్నింటికి?"

"పదికి రెండు మూడు నిమిషాలు తక్కువ."

"పదకొండు బండికి చాలా టైముంది." చేతిలో పెన్సిలు లేదు, చూపుడువేలితో మోకాలి మీద రాస్తున్నాడు. "పన్నెండు అయిదుకి దిగేవాళ్ళం. నడక అయిదు నిమిషాలు. గౌను, సంతకం, ఇంకో అయిదు. పన్నెండుంబావుకి తన దగ్గరుంటాను. ఆమె పోయింది ఎన్నింటికి?"

ఆయనకి తెలుసు. అయినా నా నోటితో చెప్పించుకున్నాడు.

"ఒంటి గంట నలభై అయిదు."

"గంటన్నర," అన్నాడు. కోపంగా కాదు. లెక్క సరిపోయిందని చెప్పినట్టు అన్నాడు. "గంటన్నర ఉండేది, గర్ల్."

లేచి, కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. టాక్సీలో అయితే ముప్పావు గంటలో వెళ్ళేవాళ్ళం, దాదాపు మూడు గంటలు ఉండేది. ఆ లెక్క ఆయన వెయ్యలేదు. నేనూ చెప్పలేదు.